నీ పూలకూజా, వంద క్యాండిల్ బల్బు

చిన్నన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. లేతు మిషను మీద నువ్వు చెక్కిన రోజ్‌వుడ్ పూలకూజాని పెద్దన్న హాల్లో అద్దాల బీరువాలో పెట్టాడు. మన జవుళి కొట్టు వద్దని పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో వడ్రంగం పనికి చేరావని నిన్ను ఆ హాల్లో కూర్చోనివ్వని మనిషే, పొద్దున్నించీ వచ్చినవాళ్ళందరికీ "మా తమ్ముడి చేతిపని" అని చూపించాడు.

ఉలి గీతలు కనబడాలని నువ్వు దీపాన్ని మూరెడు దూరంలో, పక్కగా పెట్టేవాడివి. ఆయనేమో కూజాకి ఆనుకునేంత దగ్గరగా, పైనుంచి వంద క్యాండిల్ బల్బు వేలాడదీశాడు.

"లైటు అంత దగ్గర వద్దన్నా, కొయ్య పగిలిపోతాది" అన్నాను.

"నువ్వు ఊరకుండు మే. వచ్చేవాళ్ళకి బాగా కనపడాల" అన్నాడు.

భోజనాల వేళ టప్పున చప్పుడైంది. కూజా మూతి నుంచి అడుగుదాకా చీలింది. పెద్దన్న విస్తరి ముందునుంచి లేచెళ్ళి, చీలికని గోడవైపు తిప్పి, వచ్చి కూర్చుని పాయసం వడ్డించమన్నాడు. ఆ తర్వాత నీ పేరు ఎవరూ ఎత్తలేదు.

బయల్దేరేముందు బీరువా తలుపు తీసి, చీలికని మళ్ళీ ఇటు తిప్పాను. బల్బు మాత్రం ఆర్పలేదు. బాగా కనపడాలన్నాడుగా.