పిచ్చుక ఎవరి మనిషి

అక్కా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు, అందుకే ఇది మీ ఆఫీసు గేటు దగ్గర ఇచ్చి వెళ్తున్నాను.

బుజ్జికి ఆడి చూడమని నేనిచ్చిన ఫోన్ ఆట ఉంది కదా, దాన్ని నాతో కలిసి ఆన్‌లైన్లో తయారుచేసేది నలుగురు విద్యార్థులు. ఎక్కడెక్కడివాళ్లో. ఒకరి మొహం ఒకరం చూడలేదు, అన్నీ మారుపేర్లే. ఆటలో 'పిచ్చుక' అనేవాడు రెండు వారాలుగా బుజ్జితో మాట్లాడుతున్నాడు. వాళ్లు నా మనిషనుకున్నారు, నేను వాళ్ల మనిషనుకున్నాను. ఇవాళ అడిగితే ఎవరి మనిషీ కాదు. నన్ను చెప్పుతో కొట్టాలి.

నిన్న వాడు, "బడి ఎన్నింటికి వదులుతారు?" అని రాశాడు.

"మూడింటికి. అమ్మ లేటు," అంది మన పిచ్చిది.

"అయితే రేపు మామయ్య పంపాడని నేనొస్తాలే."

తిట్లు తర్వాత తిట్టు. ముందు బడికి ఫోన్ చేసి, ఎవరొచ్చినా పిల్లని పంపొద్దని చెప్పు. తల్లి మాటైతేనే వింటారు. నేను బడి గేటు దగ్గర కాపు కాస్తాను. కానీ వాడు నా పక్కనే నిలబడినా నాకు తెలియదక్కా.

నీ తమ్ముడు