ఉప్పుదిబ్బ మీద లాడ్జి

వరంగల్,
జూన్ 1984

తీర పర్యాటక అనుమతుల అధికారి వీరభద్రం గారి సముఖానికి, సారంగపాణి దండాలతో రాసుకునే మనవి.

వరంగల్‌లో నాకు బట్టల దుకాణం, దాంతోపాటు ఒక యాత్రల బస్సు ఉన్నాయి. సముద్రం చూడని మా వైపు వాళ్ళను మీ కోస్తాకు తీసుకొచ్చి స్నానాలు చేయించడం నా వ్యాపారం. వచ్చినవాళ్ళు పడుకోవడానికి చోటు లేక, మీ ఉప్పుదిబ్బ ఊరి ఒడ్డున ఇసుక స్థలం కొన్నాను. అక్కడ రేకుల గదులతో లాడ్జి కట్టుకోవడానికి అనుమతి ఇప్పించగలరు. మంచం దిగితే కాలికి నీళ్ళు తగలాలి, అంత దగ్గర.

ఇట్లు,
తమ విధేయుడు సారంగపాణి

తా.క.: లాడ్జి బోర్డు ముందే రాయించాను. పెయింటరు మళ్ళీ దొరకడు.

*

జూలై

శ్రీ సారంగపాణి గారికి నమస్కారం.

మీ దరఖాస్తు చూశాను. పోటు గీత నుంచి అయిదు వందల మీటర్ల లోపల ఏ కట్టడానికీ అనుమతి లేదు. పోటు ఎప్పుడెప్పుడు వస్తుందో, ఎంతవరకు వస్తుందో ధ్రువపత్రంతో సహా తెలియజేయండి. యాత్రల వ్యాపారానికి కూడా మా దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి.

భవదీయుడు,
వీరభద్రం

తా.క.: బోర్డు దాచిపెట్టండి.

*

వరంగల్,
ఆగస్టు

గౌరవనీయులైన వీరభద్రం గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివినప్పటి నుంచి మా ఇంట్లో అందరికీ ఒకటే ఫికర్. నాకు ఏ పోటూ లేదు. గుండెపోటు లేదు, తలపోటు లేదు. దవాఖానలో పరీక్ష చేయించి డాక్టరు గారి ధ్రువపత్రం జతపరిచాను. మా డ్రైవరు మొగిలికి, బస్సు వెంట వచ్చి వంట చేసే మల్లక్కకు కూడా రాయించాను. "నా పానం సంగతి సర్కారుకెందుకు సేటూ?" అని మల్లక్క అలిగింది. గీత అంటే ఏమిటో మాత్రం తెలియలేదు. డాక్టరును అడిగితే అది ఈసీజీ కాగితం మీద ఉంటుందన్నారు. ఆ కాగితం కూడా పంపాను.

తమ దయ కోరే,
సారంగపాణి

తా.క.: నా భార్య కమలకు అప్పుడప్పుడు పక్కపోటు వస్తుంది. అది అడ్డమైతే ఆమెను లాడ్జి దరిదాపులకు రానివ్వను.

*

సెప్టెంబరు

సారంగపాణి గారికి,

మీ గుండె బాగున్నందుకు సంతోషం. నేనడిగింది సముద్రపు పోటు. సముద్రం రోజూ ముందుకొస్తుంది, వెనక్కి పోతుంది. తుఫానప్పుడు ఎంత ముందుకొస్తుందో ఎవరూ చెప్పలేరు. మీరు కొన్న దిబ్బ మీద కొన్నేళ్ళ కింద చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళుండేవి. ఉప్పెన వచ్చిన రోజు పొద్దున ఉన్నాయి, సాయంత్రానికి లేవు. బతికినవాళ్ళు ఊరి వెనక మెరక మీదికి పోయారు. స్థలం అమ్మినవాడు ఈ మాట మీకు చెప్పి ఉండడు. దయచేసి కట్టకండి.

మీ మేలు కోరే,
వీరభద్రం

తా.క.: మీ ఈసీజీ ఫైల్లోనే ఉంది. మా గుమస్తా దాన్ని తీరం నక్షా అనుకుని ఆఫీసు సీలు వేశాడు.

*

వరంగల్,
అక్టోబరు

మహనీయులైన వీరభద్రం గారికి,

సీలు పడిందని తెలిసి లాడ్జి కట్టేశాం.

నీళ్ళ సంగతి మాకు తెలియనిది కాదు. ధర్మసాగర్ చెరువు నిండితే ఎక్కువైన నీళ్ళు మత్తడి మీంచి దూకి పోతాయి. సముద్రానికి మత్తడి ఎటు వైపు ఉందో చెబితే మా తలుపులు రెండో వైపుకు తిప్పుకుంటాం. నవంబరులో మొదటి బస్సు వస్తోంది. వెంకటయ్య అనే ముసలాయన "సచ్చేలోపల సముద్రం సూడాలె" అని బర్రెను అమ్మి టికెట్టు కొన్నాడు. అలాంటివాణ్ణి అర కిలోమీటరు అవతల ఎట్లా పడుకోబెట్టను?

కృతజ్ఞుడు,
సారంగపాణి

తా.క.: మీ ఇంటికి ఒక వరంగల్ జంపఖానా పంపాను. తప్పుగా అనుకోవద్దు. అనుకున్నా వాడుకోండి.

*

నవంబరు

సారంగపాణి గారికి,

జంపఖానా తిప్పి పంపాను. సముద్రానికి మత్తడి లేదు. ఆ సీలుకు విలువ లేదు. మీ లాడ్జిని ఖాళీ చేయించాలని ఉత్తర్వు తీశాను. ఈ నెలంతా తుఫానుల కాలం, యాత్ర మానుకోండి. మీ మీద నాకు పగ లేదు. ఉప్పెన తర్వాత ఆ దిబ్బ మీద శవాలను ఎత్తినవాళ్ళలో నేనొకణ్ణి. మళ్ళీ ఆ పని నావల్ల కాదు.

వీరభద్రం

తా.క.: మీరు ఆగరని తెలుసు. మీ బస్సు వచ్చే రోజు నేనక్కడే ఉంటాను.

*

వరంగల్,
ఫిబ్రవరి 1985

తీర పర్యాటక అనుమతుల కొత్త అధికారి రాజేశ్వర్ రావు గారికి, సారంగపాణి నమస్కరించి తెలియజేసేది.

నా పాత దరఖాస్తు మీద మీరు పంపిన అనుమతి పత్రం చేరింది. "నవంబరు తుఫానులో ఈ లాడ్జిలో దిగిన ఒక్క యాత్రికుడికీ హాని జరగలేదు గనుక, స్థలాన్ని స్వయంగా పరిశీలించి, సురక్షితమని తేల్చి అనుమతి ఇవ్వడమైనది" అని రాశారు. హాని ఎందుకు జరగలేదో మీకెవరూ చెప్పినట్టు లేదు.

మేం దిగిన మధ్యాహ్నమే వీరభద్రం గారు పోలీసులతో వచ్చి, అందరినీ మెరక మీది బడికి పొమ్మన్నారు. గాలికి అప్పటికే రేకులు లేస్తున్నాయి. అయినా నేను అడ్డం నిలబడ్డాను. "సముద్రం సూపిత్తనని తోల్కచ్చి గిప్పుడు బడిల పండవెడ్తవా సేటూ?" అని వెంకటయ్య నా మీదికి వచ్చాడు. వీరభద్రం గారు కోప్పడలేదు. "తిట్టేదేదో బస్సులో కూర్చుని తిట్టండి, వింటాను" అన్నారు. బడికి చేరేదాకా అందరం ఆయన్ని తిడుతూనే ఉన్నాం. ఆయన వింటూనే ఉన్నారు.

బడిలో మనుషులను చూసుకుంటే మల్లక్క లేదు. మమ్మల్ని కదలవద్దని చెప్పి ఆయనే దిబ్బకు వెనక్కి పోయారు. కాసేపటికి మల్లక్క బడి వెనక వసారాలోంచి వచ్చింది. "నేనీడ్నే ఉన్న గద. పొయ్యి రాజేత్తాన. నన్నెవలు పిలువలే" అంది. మొగిలి ఆయన్ని వెనక్కి పిలవడానికి ఉరికాడు. దారి అప్పటికే నీళ్ళలో ఉంది.

నీళ్ళు తీశాక వీరభద్రం గారి శవం సరుగుడు తోటలో దొరికింది. అప్పటి నుంచి మల్లక్క అందరికీ వండిపెడుతుంది. తను మాత్రం ముద్ద ఎత్తి మళ్ళీ పళ్ళెంలోనే పెట్టేస్తుంది.

మీ అనుమతి పత్రాన్ని తిరిగి పంపుతున్నాను. దాన్ని రద్దు చేసి, వీరభద్రం గారి ఉత్తర్వునే ఉంచండి. నాలాంటివాడు రేపు ఇంకొకడు వస్తాడు. వాడు ఎంత బతిమాలినా ఇవ్వకండి.

ఇట్లు,
సారంగపాణి

తా.క.: స్థలాన్ని స్వయంగా పరిశీలించామని రాశారు. తుఫాను నాటి నుంచి అది సముద్రం లోపల ఉంది. తమరు ఏ పడవలో వెళ్ళారో తెలియజేయగలరు.