తొంభై సెకన్లు కదలకపోతే

హెర్నె,
9 సెప్టెంబరు 2025

లాటెర్నె సంఘం అధ్యక్షురాలు వీబ్కె థామ్సెన్ గారికి,

గ్లుక్ ఔఫ్! గనివాళ్ళం, మాకు వేరే పలకరింపు రాదు.

మూడేళ్ళుగా మీ మీద నాకు కోపం. ఇన్నాళ్ళూ మింగాను. ఇక మింగలేను.

2022 అక్టోబరులో మీ వెబ్‌సైటులో ఒక ఫిర్యాదు పెట్టాను. రెండు వేళ్ళతో కొట్టడానికి నాకు ఒక పూట పట్టింది. అరవై రోజుల తర్వాత హైన్‌జెల్ అనే ఒకతను జవాబిచ్చాడు: "ఎవరూ స్పందించనందున ఈ ఫిర్యాదు మూసివేయడమైనది." అంతే. నమస్కారం లేదు, సంతకం లేదు. నేను ముప్ఫై అయిదేళ్ళు గని కింద పనిచేశాను. కప్పు పెళుసుగా ఉందని ఎవడైనా చెబితే షిఫ్టు మేస్త్రీ స్వయంగా దిగి వచ్చి, సుత్తితో కొట్టి చూసి, అప్పుడు నోరు విప్పేవాడు. ఎవరూ స్పందించలేదు కాబట్టి కప్పు బాగానే ఉంది అన్న మేస్త్రీని నేను చూడలేదు.

మీ ఇల్లు ఎలా దొరికిందని కంగారు పడకండి. చట్టం ప్రకారం వెబ్‌సైటు అడుగున వీధి, ఇంటి నంబరు వేయాలి, మీరు వేశారు. కంప్యూటరులో రాస్తే మూసేస్తున్నారు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. దీన్నెలా మూస్తారో చూస్తాను.

సంగతి మళ్ళీ చెబుతున్నాను. మా పాత కంప్యూటర్లు కొత్త సిస్టమ్‌కి పనికిరావు, పారేయమన్నాడు దుకాణంవాడు. లైబ్రరీలో మరమ్మతుల శనివారం నాడు ఒకావిడ ఆ సిస్టమ్ బదులు మీ లాటెర్నె అనే సిస్టమ్ ఎక్కించి ఇచ్చింది. ఉచితం, ఆటల కోసమే చేసింది, లోపలి రాతంతా ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు అంది. అందులోనే మీ 'ఆఖరి బొగ్గు' ఆట ఉంది. నలుగురు కలిసి గనిలోకి దిగాలి, కప్పుకి దుంగలు నిలబెట్టాలి, నీళ్ళు తోడాలి, ఒక బండి బొగ్గు తీసుకుని నలుగురూ పైకి రావాలి. దిగిన ప్రతిసారీ గని కొత్తది. అందుకే విసుగు రాదు. నేను, యుప్, యుప్ భార్య హనెలోరె, మన్నీ ప్రతి గురువారం దిగుతాం. ఇప్పటికి ఆరువందల పైచిలుకు సార్లు దిగాం.

మన్నీకి ఊపిరితిత్తుల నిండా రాతిపొడి. ముక్కుకి గొట్టం. వృద్ధాశ్రమంలో గది దాటి రాడు. ఆటలో దీపం పట్టుకునే పని అతనిది. ఆయాసం వస్తే ఆగుతాడు. తొంభై సెకన్లు కదలకపోతే మీ ఆట అతన్ని గనిలోంచి గెంటేస్తుంది. తిరిగి వస్తే వేరే గనిలో పడేస్తుంది. మనిషిని వదిలేసి మేం పని చెయ్యం. ముగ్గురమూ పైకొచ్చి మళ్ళీ మొదలుపెడతాం. మూడేళ్ళలో ఒక్క బండి పైకి తేలేదు.

ఆ తొంభై తీసేయండి. హైన్‌జెల్‌ని పనిలోంచి తీసేయండి.

ఎగోన్ షిమ్‌చాక్

తా.క.: యుప్ అడగమన్నాడు, మీ గనిలో గబ్బిలాలెందుకు? మేం పనిచేసినన్నాళ్ళూ ఒక్కటి చూడలేదు. ఎలుకలు పెట్టండి.

---

ఫ్లెన్స్‌బుర్గ్,
16 సెప్టెంబరు

ఎగోన్ షిమ్‌చాక్ గారికి,

మొయిన్! మా ఉత్తరాదివాళ్ళకీ ఒక పలకరింపే ఉంది.

ఈ సంఘంలో ఉన్న పదకొండేళ్ళలో నాకు పోస్టులో వచ్చిన మొదటి ఫిర్యాదు మీది. మా ఆయన దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. మన్నీ గారి గురించి చదివాక ఆ రోజంతా నాకు పని సాగలేదు.

ఆ రూలు ఎందుకు వచ్చిందో చెబుతాను. కొందరు ఆట మధ్యలో చెప్పా పెట్టకుండా లేచి వెళ్ళి వంట చేసుకునేవారు. మిగతా ముగ్గురూ బంగాళాదుంపలు ఉడికేదాకా లిఫ్టు దగ్గర నిలబడేవారు. అందుకని 2019లో సర్వసభ్య సమావేశంలో ఓటు వేసి పెట్టాం. సమావేశం పెట్టినదాన్ని సమావేశమే తీయాలి. నేను ఒక్కదాన్నే తీసేస్తే మా కోశాధికారి డెట్‌లెఫ్ నియమావళి పట్టుకుని ఇంటికొస్తాడు.

హైన్‌జెల్‌ని మాత్రం తీసేయలేను. రోజుకి రెండువందల ఫిర్యాదులు, పగలూ రాత్రీ, ఆదివారాలు కూడా, ఒక్కడే చూసుకుంటాడు. జీతం అడగడు. అతను లేకపోతే మేం మునిగిపోతాం.

ఈసారి ఆట మన్నీ గారిని గెంటేసినప్పుడు, ఏ నిమిషానికి ఏం జరిగిందో ఉన్న చిట్టా పంపండి. సమావేశంలో చూపించడానికి పనికొస్తుంది.

మీ
వీబ్కె థామ్సెన్

తా.క.: గబ్బిలాలు మాకు బొమ్మలు వేసే ఆన్స్‌గార్ పని. ఎలుకలు గీయమంటే కుర్చీ మీదికి కాళ్ళు ఎత్తుకున్నాడు.

---

హెర్నె,
22 సెప్టెంబరు

థామ్సెన్ గారూ,

గ్లుక్ ఔఫ్. మీ ఉత్తరం ఒకసారి నేను చదివాను. నా కళ్ళజోడు తప్పేమోనని రెండోసారి హనెలోరె చేత చదివించుకున్నాను. ఇద్దరికీ అదే వినిపించింది.

హైన్‌జెల్ మీద నా కోపం వాపసు తీసుకుంటున్నాను. ఆ కోపం ఇప్పుడు మొత్తం మీ మీదే.

పగలూ రాత్రీనా? ఆదివారాలు కూడానా? జీతం లేకుండానా? ఆ మాట కాగితం మీద పెట్టడానికి మీకు చెయ్యెలా వచ్చిందమ్మా? నేను ఇరవై రెండేళ్ళు గని కార్మికుల ప్రతినిధిని. 1974లో షిఫ్టు దిగాక స్నానానికిచ్చే టైములో పది నిమిషాలు కోస్తే గని మొత్తం ఆపించాను. రోజుకి రెండువందల ఫిర్యాదులు చూసేవాడు నమస్కారం ఏం పెడతాడు! పాపం, మూసివేయడమైనది అన్నాడే, అదే గొప్ప.

అతనికి వారానికి రెండు రోజులు సెలవివ్వండి. లేకపోతే యూనియన్‌కి రాస్తాను. వాళ్ళకి నా చేతిరాత ఇప్పటికీ గుర్తే.

రెండు డబ్బాల సాసేజ్‌లు, హనెలోరె అల్లిన ఊలు మేజోళ్ళు పంపుతున్నాను. హైన్‌జెల్‌కే ఇవ్వండి. మధ్యలో ఎవరూ తినొద్దు.

మీరు అడిగిన చిట్టా:

గురువారం, 18 సెప్టెంబరు.
6.00: దిగాం.
6.04: యుప్ గోతిలో పడ్డాడు.
6.05: యుప్ ఒక మాట అన్నాడు. రాయను.
6.11: హనెలోరె తాడేసి లాగింది. "ఇంట్లో చేసేదే ఇక్కడా చేస్తున్నా" అంది.
6.19: మన్నీ "ఉండండ్రా, ఒక్క నిమిషం" అన్నాడు.
6.20: అతని ఊపిరి వినిపిస్తోంది.
6.20 దాటి అర: మన్నీ లేడు. దీపం లేదు.
6.21: చీకట్లో యుప్ అదే గోతిలో పడ్డాడు.

ఎగోన్ షిమ్‌చాక్

తా.క.: చిట్టా మీద మరక బీరు. ఆటలో యుప్ పడితే బల్ల మీద గ్లాసు కూడా పడుతుంది.

---

ఫ్లెన్స్‌బుర్గ్,
1 అక్టోబరు

ఎగోన్ షిమ్‌చాక్ గారికి,

మొయిన్. తప్పు నాదే, సరిగ్గా చెప్పలేదు. హైన్‌జెల్ మనిషి కాదు. ఒక చిన్న ప్రోగ్రాము. అరవై రోజులు ఎవరూ ముట్టని ఫిర్యాదుని దానంతటదే మూసేస్తుంది. రాత్రిళ్ళు ఎవరికీ కనబడకుండా ఇంటిపనులు చేసిపెట్టే కథల్లోని మరుగుజ్జుల పేరు అది, సరదాకి నేనే పెట్టాను. ఆ సరదా ఇప్పుడు తీరింది.

జీతం సంగతి అంటారా, నాకూ లేదు, డెట్‌లెఫ్‌కీ లేదు, ఆన్స్‌గార్‌కీ లేదు. నేను పగలు ఓడల కంపెనీలో పనిచేస్తాను. లాటెర్నె పని సాయంత్రాలు. సంఘంలో కాగితం మీద అరవై ఒక్కమంది సభ్యులున్నారు. పోయిన ఏడు సమావేశానికి నలుగురొచ్చారు. నాలుగో ఆయన బౌలింగ్ ఆడటానికి వచ్చి గది తప్పి కూర్చున్నాడు. మర్యాదగా చివరిదాకా ఉన్నాడు.

ఈ ఏడు సమావేశం నవంబరు 15 శనివారం, కాసెల్‌లో, అదే బౌలింగ్ హాలు వెనకగది. కార్యక్రమంలో తొంభై సెకన్ల సంగతి మొదటి అంశంగా వేశాను. సభ్యులకే ఓటు. దరఖాస్తులు జత చేశాను.

మీ
వీబ్కె

తా.క.: సాసేజ్‌లు ఆన్స్‌గార్ తిన్నాడు. మీ చిట్టా చదివి ఏడ్చి, ఏడుస్తూ తిన్నాడు.

---

హెర్నె,
8 అక్టోబరు

థామ్సెన్ గారూ,

మనిషి కాదు అంటున్నారు. 1968లో మా గని యజమాని మా గురించి అదే అన్నాడు. నేను స్వయంగా వచ్చి చూస్తాను. అప్పటిదాకా నమ్మను.

దరఖాస్తులు నింపాం. యుప్ 'వృత్తి' అన్నచోట 'దాహం' అని రాశాడు. హనెలోరె కొట్టేసింది.

మీకు ఒక తేదీ తెలియాలి. డిసెంబరు నాలుగు మా సెయింట్ బార్బరా రోజు. గని కింద మమ్మల్ని కాసింది ఆ తల్లే. ఈ ఏడు గురువారం పడింది. ఎనిమిదో తేదీన మన్నీని ఊపిరితిత్తుల ఆసుపత్రికి మారుస్తున్నారు. అక్కడ ముఖానికి ముసుగు వేస్తారట, ఆట ఉండదట. ఎప్పుడు తిరిగి పంపిస్తారో డాక్టరు చెప్పలేదు. మేం అడగలేదు. బార్బరా నాడు మన్నీతో కలిసి ఒక్క బండి పైకి తేవాలి. మాకు వేరే కోరిక లేదు.

ఎగోన్ షిమ్‌చాక్

తా.క.: మన్నీ కాసెల్ రాలేడు. తెర మీద కనిపిస్తాడు. అతని ఓటు లెక్కపెట్టకపోతే యుప్ బల్ల ఎక్కుతాడు. ఇంతకుముందు ఒకసారి ఎక్కాడు. ఆ బల్ల ఇప్పుడు లేదు.

---

లాటెర్నె సంఘం
అధ్యక్షుడి కార్యాలయం (మా వంటగది)
హెర్నె,
18 నవంబరు 2025

వీబ్కె,

గ్లుక్ ఔఫ్. గని కింద అందరం 'నువ్వు' అనే పిలుచుకుంటాం. కాసెల్‌లో నువ్వూ ఒప్పుకున్నావు కాబట్టి అలాగే రాస్తున్నాను.

నువ్వు డెన్మార్క్‌లో సముద్రం ఒడ్డున గుడిసె తీసుకుని డిసెంబరు పదిదాకా కీబోర్డు ముట్టనని ఒట్టేసుకున్నావని డెట్‌లెఫ్ చెప్పాడు. చిరునామా కూడా ఇచ్చాడు, యుప్ బల్ల వైపు చూశాక.

ముందు నా మీద పడినదాని గురించి. నేను చెయ్యెత్తింది రెండో ముక్క కేకు కోసం. "ఎవరికైనా కావాలా?" అని నువ్వు అడిగినప్పుడు ఒక చేత్తో అధ్యక్ష ఎన్నిక కాగితాలు, ఒక చేత్తో కేకు పళ్ళెం పట్టుకున్నావు. నేను చూసింది పళ్ళెం. యుప్ "మా ఎగోనే!" అని అరిచాడు, హనెలోరె చప్పట్లు కొట్టింది, డెట్‌లెఫ్ పుస్తకంలో రాసేశాడు. అప్పుడు నీ ముఖం చూశాను. పన్ను పీకించుకుని బయటికొచ్చినవాళ్ళకి ఉంటుంది ఆ వెలుగు. ఆరేళ్ళుగా అధ్యక్ష పదవి దించుకోవడానికి నీకు మనిషి దొరకలేదని ఆన్స్‌గార్ తర్వాత చెప్పాడు. ఓటు వెయ్యాలంటే నాకు ఒక్క దరఖాస్తు చాలు. నువ్వు నాలుగు పంపావు. మీరు ముగ్గురు, మేం నలుగురం. ఆ లెక్క నాకు రైల్లో వెనక్కొస్తుంటే తెలిసింది.

హైన్‌జెల్‌ని కూడా చూశాను. కాసెల్‌లోనే డెట్‌లెఫ్ ఇంటి అలమారలో రొట్టె డబ్బా అంత పెట్టె. సరే, మనిషి కాదు. నేను ఒప్పుకుంటే ఒప్పుకున్నట్టే. మేజోళ్ళు తీసుకుని దాని మీద కప్పారు, అవి తీయించాను. అంటుకుంటాయి.

ఇక అసలు సంగతి. ఆ గదిలో ఏం జరిగిందో నువ్వూ చూశావు. డెట్‌లెఫ్ లేచి, "తాతగారూ, రూలంటే రూలే, కదలనివాడు ఆడనట్టే" అంటున్నాడు. తెర మీద మన్నీ మాట్లాడబోయి ఆగాడు. ఊపిరి తీసుకుంటున్నాడు. మేం ఆగాం. డెట్‌లెఫ్ కూడా ఆగాడు. తెర నల్లబడింది. సమావేశం కూడా మన సర్వరు మీదే కదా, అదే తొంభై. "ఎటు పోయాడాయన?" అన్నాడు డెట్‌లెఫ్. "ఎటూ పోలేదురా నాయనా, నువ్వే గెంటేశావు" అంది హనెలోరె. అందరికన్నా ముందు చెయ్యెత్తింది డెట్‌లెఫే. మన్నీ లేకుండానే ఆరుకి ఆరు.

ఓటు అయితే అయింది గానీ దాన్ని ఆట లోపల మార్చేవాళ్ళు లేరు. డెట్‌లెఫ్‌కి లెక్కలు, ఆన్స్‌గార్‌కి గబ్బిలాలు. ఎవరైనా మార్చొచ్చు అంటారు కదా అని ఆదివారం నా అధ్యక్షుడి పాస్‌వర్డుతో హనెలోరె కూర్చుంది. నాలుగు గంటలు వెతికి తొంభై ఎక్కడుందో పట్టుకుంది. దాన్ని కొట్టేసి సున్నా పెట్టింది. సున్నా అంటే ఏమీ లేదనే కదా ఎవరైనా అనుకునేది. మీ యంత్రం అలా అనుకోలేదు. సున్నా సెకన్లు కదలకపోతే గెంటేయాలి అనుకుంది. ఆదివారం సాయంత్రం నుంచి ఎవడు దిగితే వాణ్ణి గెంటేస్తోంది. దేశంలో ఒక్కడు కూడా గని కింద లేడు.

రోజూ వచ్చేవి కాక ఈ ఒక్కదాని మీదే మూడువందల పన్నెండు ఫిర్యాదులు వచ్చాయి. ఒక్కొక్కటీ నేనే చదివి, నమస్కారం పెట్టి, సంతకం పెట్టి జవాబు రాస్తానన్నాను. పంతొమ్మిది రాశాను. ఇరవయ్యోదాని దగ్గర వేళ్ళు బిగుసుకున్నాయి. హైన్‌జెల్‌ని పిలిచాను. ఈ సంగతి యుప్‌కి చెప్పకు.

మళ్ళీ తొంభై పెట్టేద్దాం, గొడవ వదిలిపోతుంది అంటున్నాడు డెట్‌లెఫ్. తొంభై కాదు, తొమ్మిదివేలైనా నేను పెట్టను. ఓటేసి తీసినదాన్ని దొడ్డిదారిన పెట్టే అధ్యక్షుణ్ణి కాను. దిగితే మన్నీతో సహా అందరూ దిగాలి. లేకపోతే దేశమంతా పైనే నిలబడాలి.

నువ్వు అలిసిపోయావని తెలుసు. ఆరేళ్ళు ఒక్కదానివే మోశావు. కార్మికుల ప్రతినిధిగా చెప్పాలంటే నీ సెలవు నీ హక్కు, అందులో వేలు పెట్టేవాడి మీద నేనే పోరాడాలి. అధ్యక్షుడిగా చెప్పాలంటే వెంటనే రావాలి. ఈ రెండు ఉద్యోగాలూ ఒకే మనిషికి ఇచ్చింది నువ్వే, నువ్వే తేల్చు.

ఆ రూలు పూర్తిగా ఎలా తీయాలో నీకొక్కదానికే తెలుసు. అరగంట పని అని ఆన్స్‌గార్ అంటున్నాడు. చేస్తావా, చెయ్యవా? నవంబరు 28, శుక్రవారం సాయంత్రం లోపల నాకు జవాబు కావాలి.

ఎగోన్ షిమ్‌చాక్
అధ్యక్షుడు

తా.క.: ఈ ఉత్తరం ఆశ్రమంలో మన్నీకి చదివి వినిపించాను. చాలాసేపు ఊపిరి తీసుకుని, "ఒరేయ్, ఆ పిల్లని అడుగుతున్నావా, ఆజ్ఞాపిస్తున్నావా?" అన్నాడు. అడుగుతున్నాను, వీబ్కె. కానీ శుక్రవారం లోపల.