ఇరవై మూడు ఓటముల ఫైలు

హఫర్ అల్ బాతిన్, సౌదీ అరేబియా

భారత రాయబార కార్యాలయపు కార్మిక సంక్షేమ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: హాకీ కోచ్‌గా పనిచేయుచున్న నన్ను, నా సంతకాలనే నాపై సాక్ష్యముగా చూపి తొలగించుట గురించి, వచ్చే ఆదివారం నా చేతికిచ్చి నన్ను శాశ్వతంగా స్వదేశం పంపనున్న ఫైనల్ ఎగ్జిట్‌ను విచారణ ముగియువరకు నిలిపించుట గురించి.

తమరు తెలుగువారని క్యాంపులో విని ఈ అర్జీ తెలుగులోనే రాసుకుంటున్నాను. ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టినవి నాకెంత మేలు చేశాయో కింద తమకే తెలుస్తుంది.

1. నా పేరు హన్మాండ్లు. మాది ఆర్మూర్. పదకొండేళ్ళ క్రితం ఏసీ మెకానిక్ వీసా మీద ఇక్కడి ఒక చిన్న ప్రైవేటు కాలేజీకి వచ్చాను. కాలేజీ యజమానే నా కఫీలు, అనగా వీసా పూచీదారు. నేను జిల్లా జట్టుకు హాకీ ఆడినవాడినని తెలిసి, కాలేజీలో ఆటలు చూసే గులాం మొహిద్దీన్ గారు నా చేతిలోంచి స్పానర్ తీసుకొని విజిల్ పెట్టారు. ఆయనది నిర్మల్. అది జరిగి ఎనిమిదేళ్ళు. ఇఖామా అనే నివాస కార్డులో మాత్రం నేను నేటికీ ఏసీ మెకానిక్‌నే. ఏసీలు కూడా నేనే బాగుచేస్తున్నాను, అది వేరే విషయం.

2. ప్రతి ఆట తర్వాత ఒక ఫారం నింపవలెను. గెలిచినప్పటి ఫారంలో ‘కారణం’ అన్నచోట ‘యాజమాన్య ప్రోత్సాహం’ అని ముందే అచ్చువేసి ఉంటుంది. ఓడినప్పటి ఫారంలో ఆ గడి ఖాళీ. అందులో ఏ ఆటగాడి పేరు రాస్తే వాడి ఆటల కోటా సీటు రద్దు. సీటు పోతే ఈ దేశంలో తండ్రి దగ్గర ఉండే వీలూ పోతుంది.

3. కావున ఓడిన ప్రతిసారీ ఆ గడిలో ‘కోచ్’ అని నేనే రాసుకున్నాను. ఆర్మూర్‌లో మాకు ఆట నేర్పిన అంజన్న సారు, ఓడి వచ్చినప్పుడు క్లబ్బు సెక్రటరీ నోరు తెరవకముందే తప్పు నాది అనేవారు. మేము నిమ్మళంగా అన్నం తినేవాళ్ళం. ఆయన మాట గాలిలో పోయింది, నాది కాగితం మీద ఉండిపోయింది. అలా రాయమని మొదటిసారి నాకు ధైర్యం చెప్పింది మొహిద్దీన్ గారే. ఆయన అన్న మాటలు ఇవి: "నువ్వు నీ మీదేస్కో అన్నా. పిలగాళ్ళకు ఏం గావద్దు. నిన్నెవడు తీస్తడు, నేనున్న గదా." సంతకం తేటగా పెట్టమని కూడా చెప్పేవారు. నా మీద ప్రేమ అనుకున్నాను.

4. గత నెల ఉనైజాలో జరిగిన పోటీకి మా గోల్‌కీపర్ జావీద్ మోకాలు వాచి ఉన్నది. వాడిని ఆడించను అని నేను బెంచీ మీద కూర్చోబెట్టాను. యజమాని గారి అతిథులు వచ్చారని, మొదటి కీపర్ లేకపోతే పరువు పోతుందని మొహిద్దీన్ గారు నా ఎదుటనే వాడి కాళ్ళకు ప్యాడ్లు కట్టించి పంపారు. పావుగంటలో పడిపోయాడు. ఆరు గోల్స్‌తో ఓడాము. అబ్బాయి ఇప్పటికీ చేతికర్ర పట్టుకొని నడుస్తున్నాడు. ఆ సాయంత్రం ఫారం నా ముందు పెట్టి, ఇది కూడా నీ మీదేసుకో, నేను చూసుకుంటా అన్నారు. రాశాను. ఎనిమిదేళ్ళ అలవాటయ్యా, పెన్ను దానంతటదే పోయింది.

5. ఆ తర్వాతి వారం ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిపించారు. బల్ల మీద ఫైలు. అందులో ఇరవై మూడు ఫారాలు, తేదీల వరుసన, చక్కగా రంధ్రాలు కొట్టి. ఒక్కొక్కటి తీసి ప్రిన్సిపాల్ గారికి అందించినది ఎవరనుకున్నారు? మొహిద్దీన్ గారే. ఒక్కసారి కూడా నా ముఖం చూడలేదు. ఇరవై మూడుసార్లు తప్పు ఒప్పుకున్న కోచ్‌ను ఇంతకాలం ఉంచుకోవడమే మా పొరపాటు అన్నారు ప్రిన్సిపాల్ గారు. పైగా నీకు కోచ్ ఉద్యోగమే లేదు, నువ్వు మెకానిక్‌వి అన్నారు. లేని ఉద్యోగంలోంచి నన్ను ఎట్లా తీశారో తమరే సెలవియ్యాలి.

6. ఎనిమిదేళ్ళు ప్రతి శుక్రవారం నేనూ మొహిద్దీన్ గారూ ఒకే పళ్ళెంలో తిన్నాం. మాంసం ముక్క నా వైపుకు జరిపేవారు. ఇది ఫిర్యాదు కిందికి రాదని తెలుసు, అయినా ఒక నంబరు వేశాను.

7. నేను కోరునది: ఇరవై మూడింటిలో మూడు ఓటములు నిజంగా నావే. ఒకసారి కోపంతో కెప్టెన్‌ను బయట కూర్చోబెట్టాను. ఒకసారి ఎదుటివాళ్ళను తక్కువగా చూసి కొత్తవాళ్ళను దింపాను. ఒకసారి జ్వరంతో ఉండి ఆ సంగతి దాచాను. ఈ మూడింటికి ఏ శిక్షయినా వేయండి, బద్ధుడను. మిగతా ఇరవై నా పేరు మీదనుంచి తీయించి, పిల్లల జోలికి పోక ఎవరివి వారికి అప్పగించి, నన్ను ఉద్యోగంలో నిలపవలెను.

జతపరచినది: మొహిద్దీన్ గారే తనను మైదానంలోకి పంపారని జావీద్ స్వహస్తంతో రాసి ఇచ్చిన వాంగ్మూలం.

ఇది చిత్తగించవలెను. ఆదివారం లోపుగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
హన్మాండ్లు
(ఏసీ మెకానిక్, హాకీ కోచ్)

తా.క. జతపరచినది అని పైన రాసిన కాగితం కవరులో ఉండదు, వెతకవద్దు. కవరు అంటిస్తుండగా జావీద్ తండ్రి షరీఫ్ గారు ఫోను చేశారు. కడపవారు, ఇక్కడ ట్యాక్సీ నడుపుతారు. "వానికింకా రెండేండ్లు సదువుండాది సార్. దినామూ ఆ గేట్లోంచే పోవాల" అన్నారు. కాగితం వెనక్కి ఇమ్మని మాత్రం అడగలేదు. నేనే చింపేశాను. ఈ అర్జీలో ఆ అబ్బాయి పేరు, తండ్రి పేరు వచ్చినచోటల్లా తమరే కాస్త సిరా పూయండి, తిరగరాసే ఓపిక నాకు లేదు. సాక్ష్యం లేని అర్జీ నిలవదని తెలుసు. కొట్టివేస్తే, కారణం అన్న గడిలో నా పేరే రాయండి. ఇరవై నాలుగోది నిజంగా నాదే.