పుట్టింటి చీర తెచ్చే హక్కు

తమిళనాడులో కోవిల్‌పట్టి దగ్గర కయత్తారు తాలూకాలో కాపురముంటున్నవాణ్ణి, కాలం చేసిన వీరసామి కొడుకుని, డెబ్బై ఏళ్ళ వెంకటసుబ్రమణియన్ అను నేను ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టంతో, నా చేత్తో రాస్తున్న వీలునామా. నా బుద్ధి సరిగ్గానే ఉంది. సరిగ్గా లేనిది గుండె. వచ్చే సోమవారం మధురైలో దానికి ఆపరేషను. ఏమీ కాదని డాక్టరు మూడుసార్లు చెప్పారు. మూడుసార్లు ఎందుకు చెప్పారన్నదే నా దిగులు.

దీన్ని తెలుగులో రాయడానికి కారణం ఉంది. మా ఇళ్ళల్లో మాట తెలుగే గాని చదువు తమిళం. నాకు తెలుగు అక్షరాలు గుంటూరులో అగ్గిపెట్టెల గోడౌనులో పనిచేసిన ఆరేళ్ళలో వచ్చాయి. నాతోబాటు అక్కడ పనిచేసి నేర్చుకున్నవాడు నా భార్య తమ్ముడు కుమరేశన్ ఒక్కడే. ముందు వాడు చదవాలి. పిల్లల కోసం వకీలు రంగరాజన్ గారు దీన్నే తమిళంలో టైపు చేయిస్తారు. అమలు జరిపించే బాధ్యత కూడా ఆయనదే.

1. ఊరికి తూర్పున ఉన్న నాలుగెకరాల నల్లరేగడి, అందులోని బావి, మోటారు, ఇప్పుడు కాపురమున్న ఇల్లు నా కొడుకు పాండియరాజన్ సర్వహక్కులతో అనుభవించవలసినది. గాలిమరల వాళ్ళు పొలంలోంచి దారి అడిగితే నోటిమాటగా ఒప్పుకోవద్దు. మోటారు స్విచ్చి తడి చేత్తో ముట్టవద్దు. ఈ మాట నేను ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్నాను, వాడు ముప్ఫై ఏళ్ళుగా తల ఊపుతున్నాడు.

2. నా భార్య సుబ్బమ్మాళ్ రాళ్ళ కమ్మలు, రెండు గాజులు నా కూతురు కలైసెల్వికి చెందవలసినవి. ఎడమ కమ్మకు మర వదులు. పెట్టుకునే ముందు బిగించుకోవాలి, మరిచిపోవద్దు. దాని పెళ్ళిలో నేను చేసిన తప్పు నాలుగో అంశంలో ఉంది. అంతవరకు వినకుండా ఎవరూ లేవవద్దు.

3. కొండకు పట్టుకెళ్ళిన వెదురుకర్ర పాండియరాజన్ కూతురు సంగవికి. కర్ర దేనికని నవ్వుతుంది. నవ్వనీ.

ఆపరేషనుకు ముందు ఒక్కసారి చతురగిరి కొండ ఎక్కి మహాలింగ సామిని చూడాలని నేనే మొండికేశాను. తొమ్మిదేళ్ళ కిందట సుబ్బమ్మాళ్ పోయింది ఆ కొండ వాగులోనే. ఆ తర్వాత అటు తల కూడా తిప్పలేదు. పాండియరాజన్ వద్దన్నాడు. సంగవి, “నేను కూడా వస్తాను తాతా, మెల్లగా పోదాం” అంది. కిందటి నెల ఆడి అమావాస్య నాడు తెల్లారి బయల్దేరాం. సంచీలో మాత్రలు, గ్లూకోజు, రెండు గొడుగులు పెట్టుకుని, మాత్రలు ఉన్నాయో లేవో నాలుగుసార్లు తీసి చూసుకున్నాను.

సుబ్బమ్మాళ్ కొండెక్కేటప్పుడు కూడా నోరు మూసేది కాదు. పెళ్ళయిన కొత్తలో ఇదే దారిలో జొన్న ధర మొదలుకొని మా అమ్మ గురక దాకా అన్నీ చెప్పుకుంటూ వచ్చింది. నేను ఆయాసంతో ఊ కొట్టడం మానేస్తే వెనక్కి తిరిగి, “ఉండారా లేదా?” అని అడిగేది. జారుడుబండ దగ్గర సంగవి వెనక్కి తిరిగి అదే మాట అడిగింది. ఎక్కడ నేర్చుకుందో తెలియదు. నాకు ఏడుపొచ్చింది, చెమట తుడుచుకున్నట్టు తుడుచుకున్నాను.

4. ఆ కొండ మీద ఒక కట్టుబాటు ఉంది. ఎక్కినవాళ్ళు ఎవరినీ పేరుతో గాని, వరసతో గాని పిలవకూడదు. ఆడ, మగ, చిన్న, పెద్ద, అందరూ సామే. దారి అడిగినా, నీళ్ళు అడిగినా సామీ అనాలి.

తొమ్మిదేళ్ళ కిందట సుబ్బమ్మాళ్‌ను కుమరేశన్ వెంట పంపింది నేను. ఆ రోజు మక్కజొన్న కోత మిషను మా పొలానికి వంతు వచ్చింది, అందుకని నేను పోలేదు. దిగేటప్పుడు పైన ఎక్కడో వాన పడి వాగు పొంగింది. ఆమె ముందు నడుస్తోంది. మరునాడు మధ్యాహ్నం కింద దొరికింది. వెంట ఉన్న యాత్రికుడొకడు చావింటికి వచ్చి, మీ బావమరిది సామీ సామీ అని అరుస్తూనే ఉన్నాడు పాపం, అన్నాడు. నాకు ఆ ఒక్క మాట పట్టుకుంది. వంద మంది సాములున్న చోట సామీ అంటే ఆమెకేం తెలుస్తుంది? అక్కా అని ఒక్క కేక వేసుంటే ఆ గొంతుకు నిద్రలోనైనా లేచేది. కట్టుబాటు కోసం అక్కను పోగొట్టాడని నలుగురిలో అన్నాను. కలైసెల్వి పెళ్ళికి మేనమామగా మాల తెచ్చినవాణ్ణి మండపం వాకిట్లోంచే పంపేశాను. పంపించి, భోజనాల దగ్గర మిగతావాళ్ళకి కొసరి కొసరి వడ్డించాను కూడా.

ఈసారి దిగేటప్పుడు అదే వాగు. సంగవి ముందుపోయి నీళ్ళ మధ్య నిలబడి ఫోనులో ఫోటో తీసుకుంటోంది. నీళ్ళ రంగు మారింది. తేటగా ఉన్నవి చూస్తుండగానే ఎర్రబడ్డాయి, పైన వాన పడిందన్నమాట. దాని పేరు పెట్టింది నేనే, వాసుకి అని పెట్టబోయిన వాళ్ళతో తగువాడి మరీ పెట్టాను. ఆ పేరు పిలుద్దామని నోరు తెరిస్తే వచ్చింది సామీ అనే. మళ్ళీ తెరిచాను. మళ్ళీ సామీ. పొద్దుటినుంచి అదే అని అని నాలుక దానికే మరిగింది. ఆరేడుగురు తిరిగి చూశారు. అది తిరగలేదు. ఎవరో ఒకావిడ దాని చేయి పట్టి ఇవతలికి లాగింది. నీళ్ళు మోకాలు కూడా దాటలేదు, దానికి ఏమీ కాలేదు. నేను బండ మీద కూర్చుని సంచీలో మాత్రలు వెతుక్కున్నాను.

కాబట్టి ఇందుమూలముగా నేను ఒప్పుకుంటున్నది ఏమనగా, కుమరేశన్ తప్పేమీ లేదు. మిషను వంతు కోసం ఇంట్లో ఉండిపోయిన నన్ను నేను తిట్టుకోలేక వాణ్ణి తిట్టాను.

5. ముత్తైదువగా పోయిన సుబ్బమ్మాళ్‌ను మా ఇంట్లో పేరంటాలుగా కొలుస్తున్నాం. దేవుడి మూల తాటాకు పెట్టెలో ఆమె చీర ఉంది. ఏటా దాన్ని తీసి కొత్త చీర పెట్టాలి. ఆ చీర పుట్టింటి నుంచి రావాలి. మొదటి రెండేళ్ళు కుమరేశన్ తెచ్చాడు, గడప దాటనివ్వలేదు. మూడో ఏడు నుంచి తేలేదు. నేనే కోవిల్‌పట్టిలో కొని పెడుతున్నాను. ఇకమీదట ఆ చీర తెచ్చే హక్కు కుమరేశన్‌ది, వాడి తర్వాత వాడి పిల్లలది. పాండియరాజన్ గాని, నా వారసులు గాని అడ్డుచెప్పరాదు. నేను పోతే, వాడు వచ్చేవరకు నన్ను ఇంట్లోంచి కదిలించరాదు.

చీర తెచ్చే హక్కు ఆస్తి కాదు కనుక కుమరేశన్ సాక్షి సంతకం చేయవచ్చని రంగరాజన్ గారు అన్నారు. ఇద్దరు సాక్షుల ఎదుట నేను సంతకం పెట్టాలి. ఒక్కరుంటే ఈ పత్రం చెల్లదు. రెండో సాక్షిగా వేరే ఎవరినైనా పిలవమన్నారు. పిలవను. రేపు, మొదటి సాక్షిగా ఒప్పుకున్న మా పక్కింటి వసంతకుమార్ బండి మీద సాత్తూరు పక్కన కుమరేశన్ ఇంటికి పోతున్నాను. వాడు తలుపు తీస్తాడో లేదో. తీసినా చదువుతాడో లేదో. చదివి చింపేసినా అడిగే హక్కు నాకు లేదు.

తేది: 22 ఆగస్టు 2025
చోటు: కుమరేశన్ ఇంటి తిన్నె

(సంతకం) వీ. వెంకటసుబ్రమణియన్

సాక్షులు:

1. (సంతకం) వసంతకుమార్, పక్కింటి కాపురస్తుడు

2. (సంతకం) కుమరేశన్. మొత్తం చదివినాను. అక్కా అని కూడా పిలిచినాను బావా, మూడు తూర్లు. నీళ్ళ చప్పుడులో ఆమెకి వినపడలే. ఇన్నేండ్లు మీరు అడగలే.