తాతయ్య మడమలు

నెవెనా అక్కా,

నీ బాబు మడమల మీది మెత్తటి బుడిపెలను పట్నంలో కోయించమని పోయిన ఉత్తరంలో గట్టిగా రాశాను. కోయించకు. అవి పుట్టుకతో వచ్చిన కొవ్వు బుడిపెలేనని, నొప్పి ఉండదని, నడకకు అడ్డురావని డాక్టరు నాతో ముందే చెప్పాడు. ఆ మాట నీకు చెప్పకుండా దాచి, మూఢనమ్మకాల గురించి ఉపన్యాసం దంచాను.

తొలి అడుగుల పండగనాడు ఆనవాయితీగా దొర్లించిన రొట్టె వెంట వాడు తప్పటడుగులు వేస్తుంటే, నానమ్మ వాణ్ణి ఎత్తుకుని, "అచ్చం మా ఆయన మడమలే! పొగాకు కూలీల సమ్మెలో అందరికంటే ముందు నడిచినవి ఇవేరా!" అని ఊరందరికీ చూపించింది. తాతయ్య పేరు పెట్టింది నాకు. ఆయన కరపత్రాలు కంఠతా పట్టింది నేను. ఇంటికొచ్చి బూట్లు విప్పి చూసుకున్నాను. రెండు మడమలూ నున్నగా ఉన్నాయి.

వాడికి బూట్లు కుట్టించేటప్పుడు మడమ దగ్గర కాస్త వదులుగా పెట్టించు. తాతయ్య అలాగే కుట్టించుకునేవాడట.

ఇంకా కుళ్ళు తీరని
నీ తమ్ముడు