పనికిరానివాళ్ల జట్టు

డబ్లిన్,
సెప్టెంబరు చివర.

సత్యక్కా,

నీకు ఫోన్ చేస్తే మూడో మాటకే గురక వినిపిస్తుంది. డ్యూటీ దిగిన డాక్టరమ్మని నిద్రపుచ్చడానికి నా గొంతే దొరికిందా? అందుకే ఈ ఉత్తరం. మీ లెటర్‌కెన్నీ ఆసుపత్రిలో టీ తాగే టైములో ముక్కలు ముక్కలుగా చదువుకో. నువ్వక్కడ, నేనిక్కడ, మధ్యలో కోవిడ్ అని రోడ్డు మీద ఆపే గార్డులు, అదే ఇక్కడి పోలీసులు. ఒకే దేశంలో ఉండి ఒకరి మొహం ఒకరు చూసుకోలేని అక్కాచెల్లెళ్లం మనమే అయ్యుంటాం.

క్లాసులన్నీ లాప్‌టాప్‌లోనే. కిటికీ అవతల మాత్రం కాలేజీ గ్రౌండు, సాయంత్రమైతే బంతి చప్పుడు. అది వింటూ నేను కుదురుగా కూర్చునే మనిషినేనా? పోయిన వారం వెళ్లి పిట్టగోడ ఎక్కా. అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకి కోచ్ నోరీన్ అని, రిటైరైన లెక్కల టీచరు. మాస్కు వల్ల కళ్లద్దాల నిండా ఆవిరి. విజిల్ ఊదాలంటే మాస్కు దించాలి, దించిన ప్రతిసారీ తనని తనే తిట్టుకుంటుంది. నా దగ్గరికొచ్చి, "చూడ్డానికి ఎవరూ రాకూడదమ్మా, రూలు. ఇక్కడ ఉండాలంటే ఏదో ఒక పని ఉండాలి" అంది.

"ఏం పని చెయ్యను?" అన్నా.

"సీజన్ మొదలవుతోంది. సగం మంది కొత్తవాళ్లు. ఎవరు దేనికి పనికొస్తారో చూసి చెప్పు. ఈ అద్దాల్లోంచి నాకందరూ ఒక్కలాగే ఉన్నారు. ఇంతకీ నువ్వు ఆడతావా?"

"ఒకప్పుడు ఆడేదాన్ని. మోకాలు పోయింది. ఇప్పుడు దేనికీ పనికిరాను."

"అలాగా" అని నా కాళ్లవైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది.

మోకాలు పోలేదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. బెంగళూరులో ఆపరేషనయ్యాక నువ్వే వంచి, తిప్పి చూసి, "గుర్రంలా ఉన్నావు, పరిగెత్తవే" అన్నావు. కానీ అనంతపురంలో సెలక్షన్ల రోజు విన్న చప్పుడుందే, ఎండిన కందికట్టె విరిగినట్టు, అది చెవిలోంచి పోదు. మొన్న బంతి దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా నా కాళ్ల దగ్గర ఆగింది. నేను వంగి, చేత్తో తీసి విసిరా. చేత్తో! అందరూ శానిటైజర్ కోసం పరుగు. తన్నాలని ప్రాణం లాగుతుంది అక్కా, కాలు మాత్రం ముందుకి రాదు. ఎవరికీ చెప్పలేదు, నీకే.

సరే, నా ఉద్యోగం సంగతి విను. కోవిడ్ అని జట్టుని రెండు గుంపులు చేశారు, ఒకరితో ఒకరు కలవకూడదు. మొదటి గుంపుని కళ్లారా చూశా. ఈఫా అనే పిల్ల బస్సు తప్పిపోతున్నట్టు పరిగెడుతుంది, బంతిని వెనకాలే మర్చిపోయి. గోల్‌కీపర్ ఓర్లా నోరు మన సంతలో ఎర్రగడ్డలమ్మే ఆమెకి దీటు. ఆ అరుపుకే సగం బంతులు దారి తప్పుతాయి. షివోన్‌కి ఎడంకాలు బంగారం, కానీ చినుకు పడితే మనసు ఇంటికెళ్లిపోతుంది. ఈ ఊళ్లో చినుకు పడని రోజేదీ?

రెండో గుంపు వచ్చే రోజు నాకు ఆన్‌లైన్ ల్యాబ్. అందుకని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఎలా ఆడతారో వాళ్లనే అడిగా. గ్రాన్యా అనే అమ్మాయి, "అయ్యో, నేను శుద్ధ దండగ. ఏదో ఒక చోటు నింపుతానని ఉంచుకున్నారు" అంది. పాపం అనిపించింది, నోరీన్‌కి పంపే జాబితాలో చిట్టచివర వేశా. మన హైదరాబాద్ పిల్ల ఉజ్వల, "నేను డిస్ట్రిక్ట్ కెప్టెన్ అక్కా, ఏ పొజిషనైనా ఓకే" అంది. మొదటి పేరు తనదే. డేటా అనలిటిక్స్ చదువు ఊరికే పోతుందా!

గోడ మీది పిట్ట,
మృదుల


డబ్లిన్,
అక్టోబరు, వానలో.

బంగారు అక్కా,

పరువు పోయింది. నవ్వుకో, కానీ వార్డులో గట్టిగా నవ్వకు.

ల్యాబ్ రద్దయిందని రెండో గుంపు రోజున గ్రౌండుకి వెళ్లా. నా నంబర్ వన్ ఉజ్వల లేసులు కట్టుకోవడంలోనే గంటలో సగం గడిపింది. బంతి దగ్గరికొస్తే రెండు చేతులూ చాచి పట్టుకుంటోంది. "ఏమ్మా, కెప్టెన్ అన్నావే?" అంటే, "త్రోబాల్‌కి అక్కా! ఏ ఆటకని మీరు అడగలేదుగా!" అంది, ఏమాత్రం తడబడకుండా.

ఆ శుద్ధ దండగ ఉందే, గ్రాన్యా, దాని కాళ్ల దగ్గర బంతి పెంపుడు కుక్కలా కూర్చుంటుంది. తలెత్తకుండానే ఎవరెక్కడున్నారో తెలుసు. అరవదు, ఆయాసపడదు, చూపుతోనే పక్కవాళ్లని సర్దుతుంది. జట్టంతా దాని చుట్టూ తిరుగుతుంటే నేను దాన్ని చివర వేసి పంపించానక్కా.

నోరీన్ నవ్వి నవ్వి అద్దాలు తీసి తుడుచుకుంది. "నువ్వు వాళ్లు చెప్పింది నమ్మావా? ఇక్కడ 'నేను దండగ' అన్నదాన్ని వెంటనే జట్టులోకి లాగాలి. 'పర్లేదు, ఆడతాను' అంటే కాస్త కంగారు పడాలి. తనని తాను పొగుడుకున్న పిల్లని వాళ్లమ్మే ఇంట్లోకి రానివ్వదు."

మరి మనమో? ఇంటర్వ్యూలో మీ బలహీనత ఏమిటని అడిగితే "మరీ ఎక్కువ కష్టపడతానండీ" అని చెప్పే జాతి. నేను ఆ కొలతతో వీళ్లని కొలిచా.

అసలు దెబ్బ ఇది కాదు. నోరీన్ కారు డిక్కీ తెరిచి ఒక సంచీ తీసి నేల మీద పెట్టి, రెండు మీటర్లు వెనక్కి జరిగింది. లోపల ఫుట్‌బాల్ బూట్లు.

"మా అమ్మాయివి. శానిటైజర్ కొట్టి ఆరబెట్టా. నీ సైజేనని ఆ రోజే చూశాను."

"నాకెందుకు?"

"మోకాలు పోయింది, దేనికీ పనికిరానన్నావుగా. అబ్బో, పెద్ద ఆటగత్తే దొరికిందనుకున్నా. ఆడతానని అడుగుతావేమోనని అప్పట్నించీ చూస్తున్నా."

నేనన్నది నిజంగానే అన్నానని చెప్పకుండా సంచీ ఎత్తుకొచ్చేశానక్కా. బూట్లు తలుపు దగ్గరున్నాయి. ఇంట్లోకి వచ్చినప్పుడల్లా తగులుతున్నాయి. వేసుకోనా? మళ్లీ ఆ చప్పుడైతే? డాక్టరుగా వద్దు, అక్కగా చెప్పు.

తడిసి ముద్దైన,
మృదుల


డబ్లిన్,
లాక్‌డౌన్ మళ్లీ మొదలైన రోజు.

అక్కా,

నీ జవాబు అందింది. జవాబు అన్నాను గానీ, మందుల చీటీ అంత కూడా లేదు. "డాక్టరుగా ఏనాడో చెప్పాను. అక్కగా చెప్తున్నా, భయం తగ్గాక ఆడదామంటే ముసల్దానివైపోతావు. భయంతోనే వేసుకో. కింద పడితే లెటర్‌కెన్నీ దాకా రాకు, గార్డులు ఆపుతారు." మళ్లీ మళ్లీ చదివా. చివరి వాక్యానికి నవ్వొచ్చి, ఆ నవ్వులోనే బూట్లు తొడుక్కున్నా.

నిన్నే ఆఖరి ప్రాక్టీసు. ఈ రోజు నుంచి అన్నీ బంద్ కదా. నోరీన్ నా బూట్లవైపు చూసి, రెండో గుంపులో ఖాళీ ఉన్న చోటు చూపించింది. గ్రాన్యా బంతి నావైపు పంపింది, మెల్లగా, పసిపిల్లకి పంపినట్టు. దాన్ని చూస్తూ నిలబడిపోయా. "ఏయ్, అది నీదే" అంది. తన్నానక్కా. కుడికాలితో కాదు, కుట్లు పడిన ఎడంకాలితోనే. చప్పుడైంది. తోలు చప్పుడు, బురద చప్పుడు. అంతే, ఇంకేమీ విరగలేదు. బంతి గోడ దాటి రోడ్డు మీదకెళ్లింది. ఉజ్వల చప్పట్లు కొట్టి, "అక్కా, త్రోబాల్‌లో అయితే అది పాయింటే!" అంది.

తర్వాత ఆపలేదు. చీకటి పడేదాకా ఆడా. మోకాలు ఇప్పుడు కొంచెం ఉబ్బింది. కంగారు పడకు, ఐసు పెట్టా, అంతా నువ్వు నేర్పిన పద్ధతే. వెళ్లేటప్పుడు గ్రాన్యా దూరంగా నిలబడి, మాస్కు సర్దుకుంటూ, "నువ్వు మరీ అంత అధ్వాన్నమేం కాదు" అని సైకిలెక్కి పోయింది. నెల కిందటైతే ఆ మాటకి గదికొచ్చి ఏడ్చేదాన్ని. నిన్న దారంతా ఈల వేసుకుంటూ నడిచా.

మ్యాచులు ఎప్పుడో ఎవరికీ తెలీదు. గ్రౌండు గేటుకి తాళం వేశారు. అయినా నోరీన్ ఈ పొద్దున ఫోన్ చేసి, "అందరి గురించీ చెప్పావు, ఒకరు మిగిలారు. ఆ కొత్త ఎడంకాలు పిల్ల ఎలా ఆడుతుంది?" అని అడిగింది. ఏం చెప్పానో కింద సంతకం దగ్గర చూసుకో. ఐర్లండు కొలతతో చదువుకోవాలి సుమా.

శుద్ధ దండగ, ఏదో ఒక చోటు నింపే
నీ చెల్లెలు,
మృదుల